సాగనంపుడు

“టమాటా తొక్కు ఫ్రిజ్‌లో ఉంది, వేసుకో” అన్నాను. అంతే.

ఒక పొయ్యి మీద ఇడ్లీ, ఇంకో పొయ్యి మీద పాలు. కింద నీళ్ళ ట్యాంకర్ వాడు హారన్ మోగిస్తున్నాడు. కాలేజీ బస్సుకు టైమవుతోందని హరిణి ఇడ్లీలోకి ఏముందంటూ అరిచింది. ఆ హడావిడిలో ఇన్నేళ్ళుగా జాగ్రత్తగా దాచుకున్న మాట ఒకటి నోరు జారింది.

అత్తయ్యగారు పేపరు దించారు. “తొక్కేంటమ్మా, అరటిపండు తొక్కలాగా? పచ్చడి అనడానికి నోరు తిరగదా?”

“అమ్మ సాఫ్ట్‌వేర్ అప్పుడప్పుడూ పాత వెర్షన్‌కి వెళ్ళిపోతుంది నానమ్మా” అంది హరిణి. రవికాంత్ నవ్వాడు.

“పేరు మారిస్తే పులుపు తగ్గుతుందా అత్తయ్యగారూ?” అన్నాను.

“అదిగో, ఎదురుమాట! నేనేమన్నానిప్పుడు? రేపు పిల్ల నలుగురిలో ఇలాగే అంటే మనల్ని ఏమనుకుంటారని చెప్పాను. అది కూడా తప్పేనా?”

“అమ్మా, వదిలెయ్. మధూ, నువ్వు కూడా. ఒక పచ్చడి కోసం పొద్దున్నే ఈ గొడవేంటి?” అన్నాడు రవికాంత్, పచ్చడి అన్న మాటను కాస్త నొక్కి.

నేను పాలు దించాను. గొడవ అయిపోయింది. మా ఇంట్లో గొడవలు అలాగే అయిపోతాయి, నేను ఏదో ఒకటి దించడంతో.

నేను ఎర్రగడ్డలో పుట్టి పెరిగినదాన్ని. మా నాన్న హనుమాండ్లు ఫ్యాక్టరీలో పనిచేసేవాడు. డిగ్రీ అయ్యాక అమీర్‌పేటలో కంప్యూటర్ కోర్సులో చేరితే, పక్క కుర్చీలో రవికాంత్ ఉండేవాడు. అప్పుడే తణుకు నుంచి వచ్చాడు. ఏ బస్సు ఎక్కాలో, ఏ మెస్సులో తింటే కడుపు చెడదో, ఆటోవాడితో ఎలా బేరమాడాలో అతనికి నేర్పింది నేనే. ఆ రోజుల్లో నా మాట ముద్దుగా ఉంటుందనేవాడు. “ఏదీ, ఇంకోసారి ‘గట్లనే’ అను” అని అడిగి అనిపించుకునేవాడు. పెళ్ళయిన కొత్తలోనే, “మావాళ్ళ ముందు కాస్త మామూలుగా మాట్లాడు మధూ” అన్నాడు. మామూలు అంటే ఏమిటో వెంటనే అర్థం కాలేదు. అర్థమయ్యాక నేర్చుకున్నాను. అత్తమ్మ అత్తయ్యగారు అయింది. ఆలుగడ్డ బంగాళాదుంప అయింది. రవి ‘ఏమండీ’ అయ్యాడు. అదే కోర్సు చేసి అతను ఉద్యోగంలో చేరాడు. నేను ఇంట్లో ఉండి ఈ కొత్త భాష పూర్తిచేశాను. ఇంటికెవరొచ్చినా అత్తయ్యగారు గొప్పగా చెబుతారు, “మా కోడలు లోకలే. కానీ మాట వింటే పోల్చలేరు” అని. అది పొగడ్తేనని చాలాకాలం నమ్మాను.

చిత్రమేమిటంటే, ఇంట్లో దాచుకోమన్న మాటే గుమ్మం దాటగానే వాళ్ళకు అవసరం. పంజాగుట్ట వైపు వెళ్ళే గల్లీలో మా అపార్ట్‌మెంట్. రవికాంత్ అసోసియేషన్ సెక్రటరీ. కరెంటు పోయి లైన్‌మన్ రాకపోయినా, చెత్తబండి ఆగకపోయినా, ట్యాంకర్ వాడు మొండికేసినా, “మధూ, నువ్వు మాట్లాడు. లోకల్ వాళ్ళు కదా, నీ మాట వింటారు” అంటాడు. నేను దిగి వెళ్ళి మాట్లాడతాను. పనవుతుంది. మీటింగ్‌లో అందరూ సెక్రటరీ గారికి చప్పట్లు కొడతారు. అప్పుడు నేను వంటింట్లో పకోడీల రెండో వాయి తీస్తుంటాను.

ఈ స్థలం ఒకప్పుడు రాజనర్సయ్య, భూలక్ష్మి దంపతులది. పెంకుటిల్లు, వెనక బర్రెల కొట్టం ఉండేవట. బిల్డరుకిస్తే వాటాగా వచ్చిన గ్రౌండ్ ఫ్లోర్ ఫ్లాట్‌లో ఇప్పుడు భూలక్ష్మి పెద్దమ్మ, కొడుకు రాకేశ్ కుటుంబంతో ఉంటోంది. రాజనర్సయ్య పోయాడు. పార్కింగ్ మూలన వేపచెట్టు కింద మోకాలెత్తు గుడి ఒకటి మిగిలింది. లోపల పసుపు పూసిన రాయి, పోచమ్మ. ఏటా ఆషాఢంలో పెద్దమ్మ బోనం పెట్టి, కోడిని కోస్తుంది. పై అంతస్తుల వాళ్ళకు అదొక పెద్ద సమస్య. “మేం తినమా ఏంటి? కానీ గుమ్మం ముందు కొయ్యడమేంటి, ఛీ” అంటారు అత్తయ్యగారు. ఈ ఏడు రవికాంత్ కరెంటు కారు కొన్నాడు. దానికి ఛార్జింగ్ పాయింటు కావాలి. పార్కింగ్‌లో అందుకు తగిన చోటు ఆ మూల ఒక్కటేనని తేల్చారు.

గురువారం సాయంత్రం రవికాంత్, అసోసియేషన్ ప్రెసిడెంట్ హనుమత్ప్రసాద్ గారు పెద్దమ్మ దగ్గరికి వెళుతూ నన్నూ రమ్మన్నారు. బియ్యం కడుగుతున్న చేతులు తుడుచుకుని వెళ్ళాను. ఆమె గుమ్మం ముందు ప్లాస్టిక్ కుర్చీలో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుతోంది.

“రా బిడ్డా. సార్లు సుత వచ్చిండ్రు, ఏందో పెద్ద పనే ఉన్నట్టుంది” అంది.

రవికాంత్ ఏదీ సూటిగా అడగడు. మర్యాదస్తుడు. “భూలక్ష్మమ్మ గారూ, ఆ మూలన అమ్మవారి సంగతి... ఎప్పటికి తేలుతుందండీ? ఎవరికీ ఇబ్బంది లేకుండా...” అని నసిగాడు.

బోనాల డప్పుల గురించి అడుగుతున్నాడనుకుంది ఆమె. “గదా? ఐతారం బోనం సారూ. సోమారం సాగనంపుతం. జర ఓర్సుకోండ్రి, అయిపోతది.”

ఇద్దరూ మొహాలు చూసుకున్నారు.

“సాగనంపేస్తారా? మీరే?” అన్నారు హనుమత్ప్రసాద్ గారు.

“మేంగాక ఇంకెవరు సాగనంపుతరు సారూ, మా ఇంటి అమ్మను?”

“పూర్తిగానేనా?”

“పూర్తిగ గాక సగం సాగనంపుతరా?” పెద్దమ్మ ఒళ్ళోని కాయలు కదిలేలా నవ్వింది. “మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. అంత మేమే చూసుకుంటం.”

నేను నోరు తెరిచాను. “ఏమండీ, ఆమె అంటున్నది...”

రవికాంత్ చెయ్యి నా భుజం మీద పడింది, మెత్తగా. “పద మధూ. పాపం, ఆవిడ పనిలో ఉన్నారు.”

లిఫ్టులో హనుమత్ప్రసాద్ గారు పొంగిపోయారు. “ఎంత తేలిగ్గా అయిపోయిందండీ! అనవసరంగా భయపడ్డాం. మంచి మనిషి.”

ఇంటికొచ్చాక వంటింట్లో రవికాంత్‌కి చెప్పాను. ఆషాఢంలో అమ్మవారు పుట్టింటికి వస్తుందని మా నమ్మకం. బోనం పెట్టిన మర్నాడు ఘటాన్ని తలకెత్తుకుని, డప్పులతో ఊరేగించి, ఆమెను పంపుతారు. దాన్నే సాగనంపుడు అంటారు. పండక్కి వచ్చిన ఆడబిడ్డను పంపినట్టు. రాయి ఎక్కడికీ పోదు, గుడి ఎక్కడికీ పోదు. మళ్ళీ ఏడు ఆమె రావాలి కదా.

ఫోన్ చూసుకుంటూ అంతా విన్నాడు. “కావచ్చు. కానీ ఆ మాట ఆవిడే అంది కదా.”

“అన్నది ఆ అర్థంలో కాదు.”

“ఆవిడ ఏ అర్థంలో అందో మాకెలా తెలుస్తుంది? తెలుగులో ఆ మాటకున్న అర్థమే మేం తీసుకున్నాం.”

“మరి ఆమె మాట్లాడింది ఏంటి?”

“నువ్వు మధ్యలో డిక్షనరీ తెరవకు మధూ. ప్రసాద్ గారు ఇప్పటికే గ్రూపులో పెట్టేశారు. మంగళవారం మేస్త్రీ వస్తాడు. ఆదివారం మధ్యాహ్నం ప్రసాద్ గారిని భోజనానికి పిలిచాను, ఆ రాత్రి మన హాల్లోనే మీటింగ్. నువ్వు ఒక్క మాట చెబితే చాలు, నేనూ అక్కడే ఉన్నాను, ఆవిడ ఒప్పుకుంది అని. మీవాళ్ళు కదా, నువ్వు చెబితే కాదనరు.”

మీవాళ్ళు. తినే దగ్గర నేను వీళ్ళ మనిషిని, వీళ్ళ మాటలే మాట్లాడాలి. సాక్ష్యం దగ్గర మాత్రం వాళ్ళ మనిషిని. బియ్యం కుక్కర్లో పోశాను, నీళ్ళు కొలవడం మరిచిపోయాను. నన్నూ మా అమ్మ సాగనంపింది. పెట్టె సర్దుతూ ఏడ్చింది. కానీ ఆ చిన్న ఇంట్లో నేను పడుకునే చోట ఇంకో వస్తువు పెట్టనివ్వలేదు. ఆమె బతికున్నంతకాలం గోడవారన నా చాప చుట్టి ఉండేది. ఎప్పుడు వెళ్ళినా ఆమె ఏమీ అడక్కుండా ఆ చాప పరిచేది. నేను తొందరగా వెళ్ళాలి, అత్తయ్యగారికి టిఫిన్ టైమని, దాని మీద కూర్చోకుండానే వచ్చేసిన రోజులున్నాయి. రవికాంత్‌కి తెలిసిన సాగనంపడం వేరు. మనిషి గడప దాటగానే ఆ చోటుకు టేపు పట్టుకుని కొలతలు తియ్యడం.

మర్నాడు అందరూ వెళ్ళాక కిందికి దిగాను. “పెద్దమ్మా, నిన్న మీరు సాగనంపుతం అంటే, వాళ్ళు గుడే తీసేస్తరనుకున్నరు. మంగళారం మేస్త్రీ వస్తున్నడు” అన్నాను.

ఆమె అరుస్తుందనుకున్నాను. అరిస్తే బాగుండేది.

“నువ్వు ఆడనే ఉంటివి గద బిడ్డా. నేనేమన్ననో నీకు తెల్వదా?”

“తెలుసు. చెప్పిన పెద్దమ్మా. వినలే.”

“ఏడ చెప్పినవ్? మీ ఇంట్ల, నీ మొగనికి. మిద్దె మీద పెసర్లు ఎండబోసుకోవద్దని చెప్పనీకి నిన్నే పంపిరి. మెట్ల మీద కూసోవద్దని నిన్నే పంపిరి. మా చుట్టాలొస్తే బండ్లు గల్లీల పెట్టుకోవాలని, అది సుత నువ్వే వచ్చి చెప్తివి. నువ్వు మంచిగనే చెప్తవ్ బిడ్డా. మా మాటల్నే చెప్తవ్, నాకు కోపం రాదు. గని నువ్వు మెట్లు దిగుతున్నవంటే నాకెర్క, నాది ఏదో ఒకటి పోతదని.”

ఇంట్లో ఇన్నేళ్ళుగా పడిన మాటలన్నీ ఒకవైపు, ఇదొక్కటీ ఒకవైపు. దీనికి కోప్పడడానికి కూడా లేదు. నిజమే, ఆమె ముందు నేను ఎప్పుడూ మా అమ్మ మాటలే మాట్లాడాను. ఆ మాటలతో రవికాంత్ పని చేసిపెట్టాను. మా ఇంట్లో ఆ భాషకున్న విలువంతా అదే.

లేచి వస్తూ అడిగాను. “ఐతారం బోనం ఎవరెత్తుకుంటరు?”

“నేనే ఎత్తుకుందును. మోకాళ్ళు సాగుతలెవ్వు. కోడలు పురిటికి పోయింది. సూడాలె.”

ఆదివారం మధ్యాహ్నం పులావు, కోడికూర, గోంగూర, పెరుగుచట్నీ చేశాను. రవికాంత్, హనుమత్ప్రసాద్ గారు, అత్తయ్యగారు, హరిణి కూర్చున్నారు. నేను వడ్డిస్తున్నాను.

“అసలు శుభ్రత అనేది ఉండాలి కదండీ. ఆ ఈకలు, ఆ రక్తం, ఈగలు...” అని ఆగి, “లివర్ ఉంటే ఇటు వెయ్యండమ్మా” అన్నారు హనుమత్ప్రసాద్ గారు. వేశాను.

“మధులత గారు లోకలయినా మనలో ఎంత కలిసిపోయారండీ” అన్నారు రవికాంత్‌తో. “ఇంతకీ ఆవిడ ఒప్పుకోవడం మీరూ విన్నారు కదమ్మా? రాత్రి మీటింగ్‌లో ఆ ఒక్క మాట అనండి. ఆ కుర్రాడు రాకేశ్ ఇక నోరెత్తడు.”

“చెబుతుంది లెండి, దానికేం” అన్నాడు రవికాంత్.

“నువ్వు కూడా కూర్చో మధూ, చల్లారిపోతున్నాయి” అన్నారు అత్తయ్యగారు.

“నేనియ్యాల ఒక్కపొద్దున్న.”

“అంటే?” అంది హరిణి.

“ఉపవాసం.” పొద్దుటినుంచి నేను ఏమీ తినలేదు. అది ఎవరికీ తెలియలేదు. నేనెప్పుడూ అందరూ తిన్నాకే తింటాను కాబట్టి.

“ఇప్పుడు ఉపవాసం ఎందుకు?” అన్నారు అత్తయ్యగారు.

“పెద్దమ్మకు మోకాళ్ళ నొప్పులు. బోనం నేనెత్తుకుంటున్న. రేపు సాగనంపుడుకు సుత పోత.”

హరిణి ఫోన్ పక్కన పెట్టి, ఎవరో కొత్త మనిషిని చూసినట్టు నావైపు చూసింది. రవికాంత్ అతిథి వైపు తిరిగి నవ్వబోయాడు, కుదరలేదు. “మధూ, లోపలికి రా, మాట్లాడదాం.”

“లోపల చెప్పిన. మీరు విన్నరు.” హనుమత్ప్రసాద్ గారి వైపు తిరిగాను. “ఆమె ఒప్పుకోలేదు ప్రసాద్ గారూ. ఆ మాటకు అర్థమేందో మీ సెక్రటరీకి గురువారమే ఎర్క. మంగళారం మేస్త్రీ వస్తే గుడి ముంగట నేనుంట.”

“ఏంటే ఆ భాష, పెద్దమనిషి ముందు!” అన్నారు అత్తయ్యగారు.

రవికాంత్ కంచంలోంచి చెయ్యి తీసి నన్నే చూస్తున్నాడు. “అసలు నువ్వు ఎవరి తరఫున మాట్లాడుతున్నావు?” అన్నాడు, ఒక్కో మాటా కూడదీసుకుంటూ.

“ఇన్నేండ్లు మీ తరఫున మాట్లాడిన. ఇగ మీ మాట పట్టుకొని ఆమె గడపకు పోను. బోనం అయినంక ఆమెను తోలుకొని రాత్రి మీటింగ్‌కు వస్త. ఆమె మాట ఆమెనే చెప్తది, తెలుగులనే చెప్తది. అర్థం కాకుంటే నన్ను అడుగకుండ్రి.”