మెడలో టేపున్న దెయ్యం

మంచి దెయ్యం సినిమా చూస్తే రెండు గంటలు భయపడి ఇంటికి పోతాం. చెత్త దెయ్యం సినిమా అలా కాదు, పదేళ్లు తోడుంటుంది. ఈ మాట ఒప్పుకోని వాళ్లతో నేను వాదించను, నా హాలుకి రమ్మంటాను. యాభై కుర్చీల చిన్న హాలొకటి అద్దెకు తీసుకుని ప్రతి శనివారం మధ్యాహ్నం పనికిమాలిన దెయ్యం సినిమాలు వేస్తుంటాను. తీగ కనబడే గబ్బిలాలు, ఆనుకుంటే గోడే ఊగిపోయే భవంతులు, చచ్చాక కూడా ఊపిరి పీల్చే శవాలు, అన్నీ నా దగ్గర దొరుకుతాయి.

ఆ శనివారం వేస్తున్నది మా బాబాయి తీసిన సినిమా. టిక్కెట్లన్నీ ముందే అయిపోయాయి. పొద్దుట్నుంచి నా కాళ్లు నేల మీద నిలవడం లేదు. గుండెల్లో దడ కూడా ఉంది, ఎందుకంటే అందులో దెయ్యం మా పిన్ని.

బాబాయి దర్జీ. ఇరవై రెండేళ్ల కిందట కుట్టు దుకాణం వెనక గదిలో, దుకాణంలో పనిచేసేవాళ్లనే పెట్టి, పదకొండు రోజుల్లో సినిమా చుట్టేశాడు. పిన్నికి కర్టెన్ గుడ్డతో తెల్ల గౌను కుట్టాడు. ఆ గౌనుకి మాత్రం ఎవరూ వంక పెట్టలేరు. కాకపోతే పిన్ని మెడలోని కొలతల టేపు తీయడం మరిచిపోయింది. యూనిట్‌లో ఒక్కరూ చూసుకోలేదు. అందరి మెళ్లలోనూ టేపులే ఉంటే ఇంకెవరికి కనబడుతుంది? శ్మశానంలో, మేడ మీద, అద్దంలో, సినిమా పొడుగునా ఆ పసుపు టేపు వేలాడుతూనే ఉంటుంది.

విడుదలైన రోజు జనం కడుపుబ్బ నవ్వారు. పిన్ని ఇంటర్వెల్‌లో లేచి వచ్చేసింది. మళ్లీ ఏ సినిమా హాలు గడపా తొక్కలేదు. "నవ్విన నాపచేనే పండుతుందిలే" అన్నాడట బాబాయి. అందుకు పిన్ని నెల రోజులు ఆయనతో మాట్లాడలేదు.

అమ్మ పోయాక నన్ను పెంచింది పిన్నే. అలాంటి మనిషిని "మీ సినిమా వేస్తున్నా, నువ్వు రాకపోతే నేనూ వెయ్యను" అని బతిమాలి లాక్కొచ్చాను. జనం ఎందుకొస్తున్నారో చెప్పలేదు. చెబితే రాదు. కొరివితో తల గోక్కోవడమంటే ఇదే. ఆవిడ మరోసారి మనసు విరిగి వెళ్లిపోతే నన్ను నేను క్షమించుకోలేను.

లైట్లు ఆరాయి. మొదటి సీన్‌లో తలుపు దానంతటదే తెరుచుకోవాలి. తెరిచిన చెయ్యి మోచేతిదాకా కనబడింది. హాలు గొల్లుమంది. శ్మశానం సీన్‌లో కుట్టు మిషన్ చప్పుడు మొదలైంది, ఎందుకంటే దుకాణం మూస్తే గిరాకీ పోతుందని షూటింగ్ రోజుల్లో కూడా బాబాయి మూయలేదు. ఆ టకటకకి వెనక వరుసలవాళ్లు చప్పట్లతో తాళం వేశారు. పసుపు టేపు తెర మీదికి రాగానే హాలంతా లేచి నిలబడింది. ముందు వరుసలో నలుగురైతే టేపు సంగతి ముందే విని, మెళ్లో టేపులు వేసుకునే వచ్చారు. నాకు ఒళ్లు పులకరించింది. వెక్కిరింతలో ఇంత ప్రేమ ఉంటుందని చెబితే ఎవరు నమ్ముతారు?

వెనక, కంప్యూటర్ దగ్గర, బాబాయి నా పక్కనే కూర్చున్నాడు. కాకిపిల్ల కాకికి ముద్దు. "చూశావా, జనాన్ని ఎలా పట్టేసిందో" అంటున్నాడు. నా కళ్లు మాత్రం అదే వరుసలో అవతలి చివర కూర్చున్న పిన్ని మీదే ఉన్నాయి. టేపు చూసి ఆవిడ కూడా పెదవి బిగించి నవ్వాపుకుంటోంది. నా ప్రాణం లేచొచ్చింది.

అప్పుడు దెయ్యం నోరు తెరిచింది. "నా ఇంట్లో దీపం పెట్టిందెవరు?" జలుబు చేసిన మేకలాంటి గొంతు. హాలంతా ఆ గొంతుతోనే వంత పాడింది. పిన్ని దిగ్గున లేచి, సంచీ భుజాన వేసుకుని తలుపు వైపు నడిచింది. నేను పరుగెత్తి అడ్డం నిలబడ్డాను.

"పిన్నీ, నన్ను తిట్టు, రెండు తగిలించు. వెళ్లిపోకు. వీళ్లు ఇష్టంతోనే నవ్వుతున్నారు."

"టేపుకి నవ్వితే నవ్వుకోనీవే. మరిచిపోయింది నేనేగా. ఆ గొంతు నాది కాదు."

"మరెవరిది?"

"మీ బాబాయిది. దెయ్యం మాటలకి మాత్రమే డబ్బింగ్ పెట్టారు. ఆ రోజున పెళ్లి బట్టల ఆర్డరుందని నన్ను మిషన్ ముందు కూర్చోబెట్టి, తనే పోయి చెప్పేసి వచ్చాడు. అద్దం ముందు రెండు నెలలు సాధన చేశానే. తీరా హాల్లో చూస్తే నా నోట్లోంచి ఆయన గొంతు. జనం నవ్వింది మాత్రం నన్ను చూసి."

ఇన్నేళ్లూ ఆవిడ బాధ టేపు గురించనే అనుకున్నాను. ఒక్కసారైనా అడిగానా? సిగ్గేసింది, ఆ వెంటనే బాబాయి మీద ఒళ్లు మండింది. వెళ్లి సినిమా ఆపేశాను.

"ఈ మేక గొంతు ఎవరిదో తెలుసా? ఇదిగో, ఈ పెద్దమనిషిది" అన్నాను అందరికీ వినబడేలా. "అసలు దెయ్యం ఆ తలుపు దగ్గరుంది. ఆవిడకి నోరు తెరిచే అవకాశమే రాలేదు."

తలలన్నీ అటు తిరిగాయి. ముందు వరుసలో టేపు వేసుకున్న ఒకావిడ, "అయితే మీరే చెప్పండమ్మా, వింటాం" అంది.

పిన్ని సంచీ దింపి కుర్చీలో పెట్టింది. నేను సీన్ వెనక్కి జరిపి, శబ్దం పూర్తిగా తగ్గించి వేశాను. తెర మీద పడుచు పిన్ని నోరు తెరిచింది.

"నా ఇంట్లో దీపం పెట్టిందెవరు?"

తలుపు దగ్గర నిలబడ్డ పిన్ని అరవలేదు. చంటిపిల్లను బుజ్జగిస్తున్నట్టు మెల్లగా అడిగింది. ఒక్కరూ నవ్వలేదు. ముందు వరుసావిడ కాళ్లు రెండూ కుర్చీ మీదికి లాక్కుంది. బాబాయి నా మణికట్టు పట్టుకున్నాడు, అరచెయ్యి చల్లగా ఉంది. "ఇలా చెబుతుందని నాకు తెలీదే" అన్నాడు గొణుగుతున్నట్టు.

మరుక్షణం ఈలలతో హాలు దద్దరిల్లింది. పిన్ని ఆ గోల పట్టించుకోకుండా నేరుగా మా దగ్గరికి వచ్చి, కళ్లజోడు తుడుచుకుంది.

"లేవండి" అంది బాబాయితో. "నాకు తెర ఎదురుగా కనబడాలి."

ఆయన వెంటనే లేచాడు. పిన్ని ఆ కుర్చీలో కూర్చుని నా వైపు తిరిగింది.

"మొదట్నుంచి వెయ్యవే. ఈసారి అన్నీ నేనే చెబుతాను."