ఏడో ఛానెల్లో కామాక్షి

పెళ్ళికొడుకు వైపు ఫోటోగ్రాఫర్ మీట నొక్కినప్పుడల్లా పెంచలయ్య భార్య వెలుగుతోంది.

వెలుగు ముందు మెడ కింద మొదలవుతుంది. బుగ్గలకెక్కి, చీర అంచు దాకా పాకి, రెప్పపాటులో ఆరిపోతుంది. ఆ రెప్పపాటు కల్యాణ మండపం అంతా తెల్లగా అయి మళ్ళీ మామూలవుతుంది. కావలిలో ఉదయం ముహూర్తం. వచ్చినవాళ్ళెవరూ దీన్ని వింతగా చూడటం లేదు. పురోహితుడు మాత్రం, "ఆ అమ్మాయిని కాస్త ఇటు తిప్పండి నాయనా, హోమం దగ్గర నీడ పడుతోంది" అంటాడు.

పెంచలయ్య పెళ్ళికూతురు వైపు ఫోటోగ్రాఫర్. అతని ఫ్లాష్ స్టాండు పట్టుకుని నిలబడేది భార్య కామాక్షి. పెళ్ళయిన నాటి నుంచీ ఆమెకు అదే పని. కెమెరా నెత్తిన ట్రిగ్గర్ అని చిన్న పెట్టె ఉంటుంది. అది పిలిస్తే, మధ్యలో వైరు లేకపోయినా, దూరంగా స్టాండు మీదున్న ఫ్లాష్ పలకాలి. అతని ఫ్లాష్ అతనికి బుద్ధిగానే పలుకుతోంది. కామాక్షే ఇంకొకరికి పలుకుతోంది.

ఆ పిలుపుకి ఛానెల్ అని ఒక అంకె ఉంటుంది; ఇద్దరిదీ ఒకటే అయితే ఒకడి పిలుపుకి ఇంకొకడి ఫ్లాష్ పలుకుతుంది. అలా కాకుండా ఈ పనిలో ఒక పద్ధతి ఉంది. రెండు వైపుల ఫోటోగ్రాఫర్లూ టిఫిన్ల దగ్గర కలుసుకుని, నీది ఇది, నాది అది అని ఛానెళ్ళు పంచుకుంటారు. ఇవాళ పెంచలయ్య టిఫిన్‌కి వెళ్ళలేదు. పెళ్ళికొడుకు వైపు తీయడానికి నెల్లూరు నుంచి వచ్చిన ఆ సుధీంద్ర వయసులో చిన్నవాడు, వాడే వచ్చి అడగాలి అనుకున్నాడు. ఉప్మా మానేసి చెప్పులు విడిచే చోట నిలబడ్డాడు. అతని ఉప్మా ప్లేటు సుధీంద్ర తీసుకుని, కామాక్షి పక్కన కూర్చుని తిన్నాడు.

"నొప్పిగా ఉండాదా?" అని పెంచలయ్య భార్యని అడుగుతాడు.

"లేదు. తుమ్ము వచ్చినట్టు వచ్చి పోతా ఉండాది."

"ఆపుకోరాదా?"

"తుమ్ము ఆపుకుంటే తలనొప్పి గదయా."

ఇది సరైన మాటే. పెంచలయ్య బీకాం చదివాడు. వాళ్ళ ఇంట్లో డిగ్రీ పట్టా మొదట తెచ్చింది అతనే. సరైన మాటకి ఎదురు చెప్పడం అతనికి చేతకాదు.

అతను సుధీంద్ర దగ్గరికి బయలుదేరతాడు. నడిచే కొద్దీ ఎర్ర తివాచీ పొడవవుతుంది. దారి పక్కన పెళ్ళికూతురి మేనమామలు భోజనాలు చేసి, కునుకు తీసి, లేచి ముఖాలు కడుక్కుంటారు. అవతలికి చేరేసరికి పెంచలయ్యకి గడ్డం పెరిగి ఉంటుంది. సుధీంద్ర మాత్రం అప్పుడే గీసుకున్నట్టు నున్నగా ఉన్నాడు.

"నీది ఏ ఛానెల్?"

"ఏడన్నా. మీది?"

"మూడు."

"మరింక తగువేముంది? ఎవరిది వాళ్ళదే."

"నా భార్య వెలుగుతా ఉండాది."

"చూస్తానే ఉండానన్నా. మంచి వెలుగు. కళ్ళలో గుచ్చుకోదు. మెత్తగా ఉండాది."

మెత్తగా అన్న మాట వచ్చి పెంచలయ్య అరచేతిలో పడుతుంది. వేడిగా ఉంది. ఎక్కడ పెట్టాలో తెలియక చొక్కా జేబులో వేసుకుంటాడు. జేబు కమురుతుంది.

సుధీంద్ర కెమెరా తిప్పి బొమ్మలు చూపిస్తాడు. పెళ్ళికొడుకు ఉన్నాడు, బాసికం మీది ముత్యాలు విడివిడిగా ఉన్నాయి. కామాక్షి ఎక్కడా లేదు.

"మా ఆవిడేది?"

"ఆమె వెలుగు గదన్నా. వెలుగు బొమ్మలో ఎట్టా పడుద్ది?"

తన దగ్గరున్న ఆల్బముల్లోనూ కామాక్షి లేదని పెంచలయ్యకి తెలుసు. కానీ అవి తన ఆల్బములు. ఆమె లేకపోవడం కూడా తన దగ్గరే ఉండాలి. పరాయివాడి కెమెరాలో లేకపోవడం ఏమిటి?

అతను తన ట్రిగ్గర్ని ఏడుకి తిప్పి నొక్కుతాడు. భోజనాల హాల్లో సాంబారు గుండిగ వెలుగుతుంది. "ఎవరో గానీ నూరేళ్ళు సల్లగా ఉండాలబ్బయా, మునక్కాడ ముక్కలు కనపడతా ఉండాయి!" అని వంటమాస్టరు కేక పెడతాడు. మళ్ళీ నొక్కుతాడు. దూరంగా తుమ్మలపెంట దగ్గర సముద్రం ఒకసారి వెలిగి ఆరిపోతుంది. కామాక్షి వెలగదు.

తిరిగి వచ్చి ఆమె జడ పక్కకి తీస్తాడు. చెవి వెనక అంకెలున్న చిన్న మర ఉంది. దాని ముల్లు ఏడు మీద ఉంది.

"ఇదెప్పుడు పెట్టించుకున్నావు?"

"పుట్టినప్పటి నుంచీ ఉండాది. నువ్వు జడ ఎత్తి చూస్తే గదా."

"నేనూ ఏడుకి మార్చినా. ఇప్పుడు రెండు మాట్లు నొక్కినా. వినపడలేదా?"

"వినపడింది."

"మరి?"

"వెలగబుద్ధి కాలా."

ఆమె కోపంగా అనలేదు. సాంబారులో ఉప్పు సరిపోయింది అన్నట్టు అంది. పెంచలయ్య కాళ్ళ కింద తివాచీ మోకాళ్ళ దాకా మెత్తబడుతుంది.

"వాడికెట్టా వెలగబుద్ధయింది?"

"ఆ అబ్బాయి నొక్కే ముందు, అక్కా రెడీనా, అంటాడు. నువ్వు ఎత్తు, దించు, పక్కకి జరుగు అంటావు. ఆ మాటలు స్టాండుకి చెప్పేటివి. స్టాండు వింటానే ఉండాది గదా, నీకేం తక్కువయ్యా?"

అవతల నుంచి "అక్కా, రెడీనా?" వినిపిస్తుంది. కామాక్షి జడ సర్దుకుంటుంది. వెలుగుతుంది. పెంచలయ్య ఆమె వెలుగుకి అడ్డంగా నిలబడతాడు. అది అతని పక్కటెముకల మధ్య నుంచి దూరి అవతలికి వెళ్ళిపోతుంది, బస్సులో ముందుకి జరిగే మనిషిలాగా, "కొంచెం దారియ్యి" అంటూ.

గట్టిమేళం అందుకుంటారు. తాళి కట్టే ఘడియ. ఇప్పుడు కాకపోతే ఇంకెప్పుడూ కాదు. పెంచలయ్య కెమెరా కంటికి ఆనించి, జన్మలో మొదటిసారి అడుగుతాడు.

"కామాక్షీ, రెడీనా?"

ఆ గొంతులో అడగడం తక్కువ, సుధీంద్రకన్నా ముందు అడగాలన్న తొందర ఎక్కువ. డోలు వాయించేవాళ్ళకి కూడా అది తెలిసిపోతుంది, వాళ్ళు ఒక దెబ్బ తప్పుతారు.

కామాక్షి స్టాండు తెచ్చి అతని చేతిలో పెడుతుంది. అతని మెడలోంచి కెమెరా తీసి తన మెడలో వేసుకుంటుంది. పెళ్ళికొడుకు తాళి పట్టుకుని ఆగుతాడు.

"అందరూ రెడీనా?" అని ఆమె హాలుని అడుగుతుంది.

"రెడీ!" అంటారు అందరూ.

ఆమె నొక్కుతుంది. పెళ్ళికూతురు వెలుగుతుంది, పెళ్ళికొడుకు వెలుగుతాడు, మేనమామలు, డోలు, అరటి పిలకలు, సుధీంద్ర ఇస్త్రీ చొక్కా, అన్నీ వెలుగుతాయి. ఆరిపోవడం అవసరం లేదన్నట్టు వెలుగుతూనే ఉండిపోతాయి. మూడు ముళ్ళూ పడతాయి.

పెంచలయ్య మాత్రం వెలగలేదు. చెవి వెనక చెయ్యి పెట్టి తడుముకుంటాడు. అక్కడ జుట్టు తప్ప ఏమీ లేదు. అంత వెలుగులో అతను, స్టాండు పట్టుకుని నిలబడిన చీకటి.

తరువాతి తంతు అరుంధతీ దర్శనం. పట్టపగలు ఆకాశం వైపు వేలు చూపించడం, కనపడిందా అంటే కనపడిందని తల ఊపడం ఆనవాయితీ. పురోహితుడు ఇవాళ బయటికి వెళ్ళడు. వధూవరులని తీసుకుని తిన్నగా పెంచలయ్య ముందుకి వస్తాడు. అతని చొక్కా గుండీలు విప్పి లోపలికి చూపిస్తాడు.

"అదిగో నాయనా, అరుంధతి. ఊరికే తల ఊపొద్దు, సరిగా చూడండి."

"అవునండీ, ఉంది!" అంటుంది పెళ్ళికూతురు. "కొంచెం వణుకుతోంది."

జనం వరస కడతారు. ఒక్కొక్కరూ తొంగి చూసి అక్షింతలు వేస్తారు. గింజలు పడుతున్న చప్పుడు రాదు. సుధీంద్ర కూడా వరసలో నిలబడి, "అన్నా, నాక్కూడా ఒకసారి" అంటాడు. పెంచలయ్య చొక్కా రెండు అంచులూ దగ్గరికి లాగి పట్టుకుంటాడు.

"నాకు చూపించవా?" అంటుంది కామాక్షి.

అతను చేతులు వదిలేస్తాడు. ఆమె కన్ను చికిలించి చూస్తుంది. "ఇది నీదేనా? ఇన్నాళ్ళూ చెప్పలేదే" అంటుంది. దాన్ని బయటికి తీయడానికి చెయ్యి లోపల పెడుతుంది. మోచేతి దాకా వెళుతుంది. భుజం దాకా వెళుతుంది.

"అందిందా?"

"ఉండు. ఇంకా లోపల ఉండాది."

పెంచలయ్య ఆమెకి వీలుగా కాస్త ముందుకి వంగుతాడు. ఇంత దగ్గరగా ఆమె ఎప్పుడూ రాలేదు. వెతుకుతున్న ఆమె చేతి గాజుల గలగల మాత్రం, హాలు అవతలి కొసన, సుధీంద్ర కెమెరా సంచీలోంచి వినపడుతోంది.