దులిపి కట్టిన ఉయ్యాల

నా చిన్న కూతురు ఎందుకు ఏడ్చిందో మా వదిన జయకుమారికి తెలుసు. తెలిసీ చెప్పలేదు. ఇందులో వాదించడానికి ఏమీ లేదు.

నా భార్య రెబ్కా కవలల్ని కని ఆసుపత్రిలోనే పోయింది. ఇద్దరూ ఆడపిల్లలే. మార్టూరు దగ్గర మా పల్లెలో అన్న క్రీస్తుదాసూ నేనూ అప్పట్లో ఒకే ఇంట్లో ఉండి, కౌలు చేలో మిరప, పత్తి వేసేవాళ్లం. పిల్లల్ని ఆ ఇంటికే తెచ్చాను. రెబ్కా చీరలు రెండు దూలానికి కట్టి రెండు ఉయ్యాలలు చేశాను. పెద్దది మార్త పచ్చ చీరలో, చిన్నది మరియ నీలి చీరలో.

చూడ్డానికి పల్లె అంతా వచ్చింది. "ఇద్దరా! పోనీలే, ఒకరైనా నిలుస్తారు" అంది ఒకావిడ, నేనిచ్చిన టీ తాగుతూ, నా ముఖం మీదే. ఇంకొకావిడ పాలల్లో నీళ్లు కలపొద్దంది. ఆమె తోడికోడలు సగానికి సగం కలపమంది. ఇద్దరూ నా గడపలోనే పోట్లాడుకుని వెళ్లిపోయారు. తడిసిన గుడ్డ ఒక్కటి పిండి ఆరేసిన మనిషి లేదు. నేనే నేర్చుకున్నాను. ఉగ్గుగిన్నెతో ఒకదానికి పాలు పడుతూ కాలి బొటనవేలితో రెండోదాని ఉయ్యాల ఊపేవాణ్ణి. ఇది కన్ను మూసేసరికి అది లేచేది. దాని ఏడుపుకు ఇది మళ్లీ లేచేది. మగాడికి ఇదేం పని అని నవ్వినవాళ్లు ఎవరెవరో నాకు గుర్తుంది.

మిరపకాయ కోసి కళ్లంలో ఆరబోశాక అకాల వాన పట్టుకుంది. ఆ రోజు నేను పాలడబ్బా కోసం అద్దంకి వెళ్లాను. తిరిగొచ్చేసరికి ఇంట్లో కాలు పెట్టే చోటు లేదు. మూల నుంచి గడప దాకా కాయే. దాని మధ్య అన్న యుద్ధం గెలిచినవాడిలా కూర్చున్నాడు.

"ఒక్క కాయ తడవలేదురా తోమా! చేతికి ఏది దొరికితే దాన్లో మోశాం."

"పిల్లలు?"

"వాళ్లకేంరా, ఉయ్యాల్లో ఉన్నారుగా."

ఆ సాయంత్రమే మరియ ఏడుపు మొదలైంది. ఒళ్లంతా ఎర్రగా కందింది. పట్టిన పాలు కక్కేసింది. ఎత్తుకుంటే కాస్త తగ్గేది, ఉయ్యాలలో వేస్తే మళ్లీ గుక్కపట్టేది. ఆర్‌ఎంపీ వచ్చి వేడి చేసిందన్నాడు. ప్రార్థన చేయడానికొచ్చిన సంఘపెద్ద ఇది శోధన అన్నాడు. వదిన దిష్టి అంది. ఆదివారం గుళ్లో ముందు వరసలో కూర్చునే మనిషి, ఉప్పూ ఎండుమిరపకాయలూ గుప్పిట పట్టి బిడ్డ చుట్టూ తిప్పి పొయ్యిలో వేసింది.

"చూశావా తోమా, ఘాటే రాలేదు! ఎంత దిష్టో!"

ఇంటినిండా మిరపకాయలు. మా ముక్కులు ఎప్పుడో మొద్దుబారిపోయాయి. ఇంక ఘాటెవరికి తెలుస్తుంది?

రోజురోజుకీ బిడ్డ గొంతు సన్నబడింది. అన్నం తినబోతూ అన్న నాకు హితవు చెప్పాడు. "ఒరేయ్, కవలల్లో రెండూ నిలవడం కష్టంరా. ఆ డబ్బాపాలు పెద్దదానికి పట్టు. దాన్నైనా దక్కించుకో."

అని చెప్పి అన్నం కలుపుకున్నాడు. వదిన పక్కనే నిలబడి అతని కంచంలో పచ్చడి వేస్తోంది. అప్పుడైనా నోరు విప్పలేదు.

మర్నాడు పొద్దున ఎత్తుకుని ఎత్తుకుని నా చేతులు పీకుతుంటే, మరియను తీసుకెళ్లి మార్త పక్కన పచ్చ చీరలో పడుకోబెట్టాను. కాసేపటికి ఏడుపు ఆగింది. పోయిందనుకున్నాను. ముక్కు దగ్గర వేలు పెట్టి చూస్తే ఊపిరి ఆడుతోంది. నిద్రపోతోంది.

వానకు చీర ఆరదని అన్నాళ్లూ లోపలి గుడ్డలే మార్చాను గాని ఉయ్యాల విప్పలేదు. ఇప్పుడు నీలి చీర విప్పి తొట్టిలో ముంచాను. పత్తికట్టె పీకి నా అరచేతులు చీరుకుపోయి ఉన్నాయి. నీళ్లలో పెట్టిన చేతులు భగ్గుమన్నాయి. చీర మడతల్లోంచి మిరపగింజలు పైకి తేలాయి.

మా చేలో కాయకోతకు వచ్చే పక్కింటి ఖాజాబీ దడి అవతల నుంచి చూసింది.

"అదేంది తోమన్నా, ఆ చీర ఇంకా ఉతకలేదా? చిన్నదాన్ని పెద్దదాని పక్కనేసి, వానలో మీ వదినా నేనూ కాయ మోసింది దాన్లోనేగా. ఉతికే కడుతుందనుకున్నా."

నీళ్లు కారుతున్న చీర పట్టుకుని వదిన ముందుకు వెళ్లాను.

"దులిపే కట్టాను" అంది. నేనింకా ఏమీ అడగలేదు.

"బిడ్డ అలా ఏడుస్తుంటే నీకు తెలియలేదా?"

"తెలిసింది. చెబితే నువ్వు ఊరుకుంటావా? ఇల్లు పీకి పందిరేయవూ?"

అన్న అడ్డమొచ్చాడు. "అయిందేదో అయింది. పిల్ల బతికే ఉందిగా. కాయ తడిసుంటే మొత్తం తాలైపోయేది. తెల్లబడ్డ కాయ ఎవడు కొంటాడ్రా? అది ఆలోచించు."

"ఆలోచించాను" అన్నాను.

పిల్లలిద్దర్నీ పచ్చ చీరలో చుట్టుకుని ఖాజాబీ ఇంటి వెనక వసారాలోకి మారిపోయాను. ఆమె మరియకు కొబ్బరినూనె రాసింది. ఒకే ఉయ్యాలలో ఇద్దరూ పెరిగారు. మరియ ఒళ్లు మామూలైంది. కౌలు విడదీసుకున్నాను. నీలి చీర ఎన్ని ఉతుకులు ఉతికినా మళ్లీ పిల్లల కింద వేయలేదు.

ఆ ఏడాది ఈస్టరుకు గుళ్లో బల్ల ఇచ్చే ముందు, రొట్టే ద్రాక్షారసమూ పంచబోతూ పాస్టరు అయ్యగారు నన్ను పిలిచారు. "సహోదరుడితో సమాధానపడకుండా ప్రభువు బల్ల దగ్గరికి రాకూడదు తోమా. ఏం జరిగిందో చెప్పుకో, క్షమించెయ్యి." అన్నా వదినా తలలు వంచుకుని నిలబడ్డారు. తల వంచడం వాళ్లకు బాగా వచ్చు. నేను బయటికొచ్చి చెప్పులేసుకుని వెళ్లిపోయాను. నాలుగేళ్లయింది. మళ్లీ బల్ల ముట్టలేదు.

మరియ ఇప్పుడు మార్తను కొట్టి ఏడిపించేంత దిట్టంగా ఉంది. మొన్న దారిలో వదిన దాన్ని చూసి, "నా చేతుల మీద పెరిగిన పిల్ల" అందట, పక్కవాళ్లతో.

అందుకే రాశాను. ఇక ఈ మాట నా నోటితో ఎవరి దగ్గరా ఎత్తను. అన్న చావుమంచం మీద నుంచి క్షమించమని అడిగినా ఎత్తను.