మార్చి నెల నీళ్ళు

వాడరేవు తీరం సన్నటి గీతగా మారేదాకా పోయి ఏసోబు పడవ ఇంజను ఆపాడు. మొహిద్దీన్ బాషా మోకాళ్ళ మీద వంగి, గరాటులాంటి సన్నగుడ్డ వలను నీళ్ళలోకి వదిలాడు. పైకి లాగేసరికి ఆయాసమొచ్చింది. యాభై ఎనిమిదేళ్ళు కదా అనుకున్నాడు.

వల అడుగున వేలితో తడిమాడు. పచ్చటి జిగట.

"వచ్చేసింది," అన్నాడు ఏసోబుతో.

చీరాల కాలేజీ ల్యాబుకు నెలనెలా సముద్రపు నీళ్ళు తెచ్చిపెట్టడం ఇరవైరెండేళ్ళుగా అతని కూలిపని. నవంబరులో ఏటి బురద కలిసి వల దాదాపు ఖాళీగా వస్తుంది. నీళ్ళు తేరి ఎండ తగిలాక, మార్చిలో ఈ జిగట. దాన్ని మేసే నలుసంత పురుగులు ఆ వెనకాలే. పేర్లు అతనికి తెలియవు; వేళ్ళకు తెలుసు.

పర్చూరులో భార్య రహమతున్నీసా మిరపకాయల తొడిమలు తీసే పనికి పోతుంది. మండే చేతులు నీళ్ళలో ముంచుకుంటూ, ఆ సీసాల్లో ఏముంటుందని అడిగేది. ఏముంటుంది, నీళ్ళే అనేవాడు. ఊరూరా గాజులమ్మిన మామకు నీళ్ళు మోసే కొడుకు పుట్టాడని ఆమె నవ్వేది. ఈమధ్య అడగడమూ నవ్వడమూ మానేసింది. అదే అతనికి కష్టంగా ఉండేది.

మధ్యాహ్నం సీసాలు బల్లమీద పెట్టి వెళ్ళబోతుంటే, కొత్తగా చేరిన పరిశోధకురాలు శ్రీరమ్య, వీటిని ఎప్పుడైనా చూశారా అని అడిగింది. చూడమని ఎవరూ అనలేదన్నాడు. ఆమె ఓ చుక్క గాజుపలక మీద వేసి, లేచి మైక్రోస్కోపు ముందు తన కుర్చీ ఇచ్చింది.

ఒక్క చుక్కలో వందల గుండ్రటి గాజుబిళ్ళలు, లోపల తేనెరంగు. కొన్ని వరసగా గుచ్చినట్టున్నాయి. అతను చాలాసేపు తలెత్తలేదు.

"మా నాన్న భుజాన తాడుకు గుచ్చిన గాజుల మలారంలా ఉందమ్మా," అన్నాడు చివరికి. "ఇన్నాళ్ళూ ఏమీ లేదని చెప్పానండి మా ఆవిడకి. సోమవారం తీసుకొస్తాను. ఈ చుక్క ఇట్టాగే ఉంచుతారా?"

సాయంత్రానికే ఆరిపోతుందని చెప్పడానికి శ్రీరమ్యకు నోరు రాలేదు. ఉంచుతానంది.

బస్టాపులో కూర్చుని భార్యకు ఫోన్ చేశాడు. సోమవారం పనికి పోవద్దన్నాడు. ఎందుకని ఆమె అడిగింది.

"చూద్దువుగాని," అన్నాడు.

పర్చూరు బస్సొచ్చింది. గోడకు తల ఆనించి నిద్రపోతున్నాడనుకుని కండక్టరు రెండుసార్లు పిలిచాడు. తర్వాత దిగివచ్చి భుజం తట్టాడు.

సోమవారం రహమతున్నీసా, మొగుడు పోయినవాళ్ళు పాటించే ఇద్దత్‌లో, గడప దాటకుండా కూర్చుంది. ఇక్కడ ల్యాబులో శ్రీరమ్య మరో బల్ల దగ్గర పని చేసుకుంది. మైక్రోస్కోపు కింద గాజుపలక అలాగే ఉంది. చుక్క ఉన్నచోట ఉప్పు, గుండ్రంగా.