చీకట్లో హాజరు

చీకట్లో పని చేసేవాణ్ణి పిల్లి అనక ఏనుగంటారా? ఆ భూగర్భ హాల్లో అందరూ వాణ్ణి అలాగే పిలిచేవాళ్లు. పైనుంచి రాతిని చీల్చుకుని దిగే కణాలను పట్టే యంత్రం అక్కడ బిగిస్తున్నారు. కణం తగిలితే లోపలి పలకలు మిణుక్కుమంటాయి. ఆ మిణుకుని చూసే గాజు గొట్టాలే యంత్రానికి కళ్లు. కరెంటు ఎక్కించాక వాటిమీద మామూలు వెలుతురు పడిందా, మాడి మసైపోతాయి. పైమూతలు ఇంకా రాలేదు గనక పరీక్షంతా చీకట్లోనే. పలకలకి నల్ల టేపు చుట్టడం పిల్లి పని.

గ్యాసు పైపుల పని వాడి బావది, అంటే అక్క మొగుడిది. చేతిపని బంగారం, పాడు సిగరెట్టు ఒక్కటే జబ్బు. తీరా పరీక్ష వేళకి పొగ తాగడానికి పైకి జారుకుని, పెద్దసారు చేత చీవాట్లు తినేవాడు. "ఈసారి హాజరు పలక్కపోతే పనిలోంచి తీసేస్తా" అని సారు తెగేసి చెప్పాడు.

"కాస్త కనిపెట్టుకుని ఉండరా" అని అక్క తమ్ముడి చేతులు పట్టుకుంది. "ఈ పనీ పోతే మా బతుకు బజార్న పడుతుంది."

యంత్రం కింద గొయ్యి ఉంది. యంత్రంలోకి నింపే ఆర్గాన్ గ్యాసు ఎక్కడ కారినా బరువుకి అందులోకే దిగుతుంది. రంగుండదు, వాసనుండదు, మనిషికి ఊపిరి అందనివ్వదు. అందుకే దీపాలార్పాక, గ్యాసు వదిలేముందు సారు ఒక్కొక్కరినీ పిలిచేవాడు. పంపు హోరుకి గొయ్యిలోకి పిలుపు వినపడదు గనక, అందరూ పలికితే గొయ్యి ఖాళీ అన్నట్టు. గాలి తగ్గితే ఎర్రగా వెలిగే మీటరు ఉందిగానీ, ఆ వెలుగు పరీక్షకి అడ్డమని దానికీ టేపు చుట్టించాడు సారు. తెలివి తెల్లారినట్టే ఉంది.

ఆ రోజు కూడా దీపాలార్పారు. పంపు హోరుమంటోంది. పిలిచినవాళ్లంతా పలికారు. "పైపులాయనా" అని పిలిస్తే జవాబు లేదు.

మళ్లీ పొగకి పోయాడు మహానుభావుడు అనుకున్నాడు పిల్లి. అక్క మొహం కళ్లముందు మెదిలింది. బావ గొంతు పట్టి ఇంటిల్లిపాదినీ నవ్వించడం వాడికి అలవాటే. గొంతు బొంగురు చేసి, "ఆఁ, ఉన్నా సార్" అన్నాడు.

గ్యాసు వదిలారు. కాసేపటికి తెరమీద సన్నటి గీత పడింది, దాని పక్కన ఇంకొకటి. కణాలు దొరికాయి. పెద్దసారు చంటిపిల్లాడిలా చప్పట్లు కొట్టాడు. అంతలో గ్యాసు మీటర్లు చూసే అమ్మాయి, "పీడనం పడిపోతోంది సార్. కింది జాయింటు కారుతున్నట్టుంది" అంది.

కింది జాయింటు. పొద్దున దాన్ని తడిమి, "ఇది నాకు నచ్చలేదురా, ఇంకోసారి బిగించాలి" అన్నాడు బావ. పిల్లికి అప్పుడు తట్టింది. పొగకి పోలేదు ఆయన, గొయ్యిలోకి దిగాడు.

"ఆగరా, కరెంటు దించనీ" అని సారు అరుస్తున్నా వినకుండా పిల్లి స్విచ్చు దగ్గరికి ఉరికి దీపాలు వేసేశాడు. గొట్టాలన్నీ ఒక్కసారిగా చచ్చాయి. గొయ్యిలో బావ పైపుమీదికి ఒరిగిపోయి ఉన్నాడు. పిల్లి దూకబోతే నలుగురు పట్టి ఆపారు. ఫ్యాన్లు పెట్టి గాలి మార్చి పైకి తీసేసరికి అంతా అయిపోయింది.

మర్నాడు సారు ఇంటికొచ్చాడు. మంచివాడే, గొట్టాల ఊసెత్తలేదు. "నేను పిలిస్తే పలికాడమ్మా, ఆ తర్వాత దిగినట్టున్నాడు" అని తల దించుకుని వెళ్లిపోయాడు. వచ్చినవాళ్లంతా అదే అందుకున్నారు: చేజేతులా చేసుకున్నాడు.

జనం పలచబడ్డాక అక్క తమ్ముడి పక్కన కూలబడింది. "ఉన్నానని చెప్పి మరీ దిగాడటరా? పిల్లలున్నారన్న ధ్యాసైనా లేదా? పోయినవాణ్ణి తిట్టకూడదు గానీ, నా కడుపు మండిపోతోంది. నువ్వు చూడు, కొలువు పోతుందని తెలిసీ దీపాలేశావు. నీకున్న ప్రేమ ఆయనకి లేకపోయింది."

తప్పించుకోవడానికి దారి దానంతటదే తెరుచుకుంది. నోరు మూసుకుంటే సరిపోయేది. కానీ అక్క ఆయన్ని తిడుతుంటే వినలేకపోయాడు.

"బావ పలకలేదక్కా. పలికింది నేను. పొగకి పోయాడనుకున్నా."

అక్క వాడి మొహంలోకి చూసింది.

"ఆయన ఎలాగూ పోయాడు" అంది. "ఇప్పుడు నువ్వు కూడా లేకుండా పోయావు కదరా నాకు."