పూసల తీగకు ఏడు నేలలు

టైల్స్ మేస్త్రీ మేనత్త నాలుగు రోజులుండి పోతానని వచ్చి మూడేళ్లయింది. వస్తూ వస్తూ ఒక కుండీ తెచ్చింది. అందులో బెత్తెడు పూసల తీగ, దారానికి బఠాణీ గింజలు గుచ్చినట్టుంటుంది. దాన్ని కిటికీ పక్కన కొక్కేనికి వేలాడదీసి ఆవిడ మంచమెక్కింది. మేస్త్రీ చాప పరుచుకున్నాడు.

ఎవరింట్లోనైనా గీత తప్పకుండా టైల్స్ పరిచే మనిషి, ఎప్పుడు వెళ్తావని సొంత అత్తని అడగలేక నీళ్లు నమిలాడు. ఆవిడే కనిపెట్టింది.

“ఈ తీగ నేలకి తాకిన రోజు వెళ్లిపోతాన్రా. మాటంటే మాటే.”

ఆ రోజు నుంచి మేస్త్రీ తీగకి దాసుడైపోయాడు. వెలుతురు తగలాలని కిటికీ తెర పీకేశాడు. మట్టిలో వేలు పెట్టి చూసి, బాగా ఎండితేనే నీళ్లు పోసేవాడు. ఎక్కువైతే వేళ్లు కుళ్లుతాయి, వేళ్లతో పాటు తన ఆశ కూడా. తీగ జానెడైంది, మూరెడైంది, బారెడైంది. నేలకి అందబోతుండగా అత్త కొక్కేన్ని పైకి మార్చింది.

“పైనైతే వెలుతురు బాగుంటుందిరా,” అంది నిమ్మకు నీరెత్తినట్టు.

మేస్త్రీకి ఒళ్లు మండింది. తీగ నేల దగ్గరికి రాకపోతే నేలే తీగ దగ్గరికి వెళ్లాలి. ఇసుక పోసి, సిమెంటు కలిపి, పనుల్లో మిగిలిన టైల్స్‌తో ఉన్న నేల మీద జానెడు ఎత్తున ఇంకో నేల వేశాడు. అత్త కొక్కేన్ని ఇంకాస్త పైకి జరిపింది. అతను మూడో నేల వేశాడు. ఇరుగుపొరుగు అడిగితే చెమ్మ అని చెప్పాడు. ఐదో నేలకి తలుపు పూడిపోయి రాకపోకలన్నీ కిటికీలోంచే అయ్యాయి. ఏడో నేలకి మంచం కాళ్లు కోసేశారు, ఇద్దరూ కూర్చునే తిరుగుతున్నారు. నిలబడే వీల్లేక సాయంత్రాలు ఎదురెదురుగా కూర్చుని కబుర్లు చెప్పుకునేవాళ్లు. ఇద్దరూ మొండివాళ్లే, ఆ వంశమే అంత.

కొక్కెం కప్పుకి చేరింది. ఇక జరపడానికి చోటు లేదు. చివరి పూసకీ నేలకీ మధ్య వేలెడు సందు. ఒక్క టైలు వేస్తే తాడో పేడో తేలిపోతుంది. మేస్త్రీ టైలు పట్టుకుని పాక్కుంటూ వచ్చేసరికి అత్త సంచీ సర్దుకుని కూర్చుంది.

“వెయ్యరా,” అంది. సంచీని ఒళ్లోకి లాక్కుంది.

వేస్తే మంచం తనది, గది తనది. కిటికీలోంచి దూరగానే ‘ఇంతాలస్యమేంట్రా’ అని తిట్టే మనిషి మాత్రం ఉండదు. మేస్త్రీ టైలు పక్కన పెట్టి, కత్తెరతో తీగని జానెడు కోసేశాడు.

“ఎందుకు కోశావురా?”

“కుళ్లిపోయిందత్తా.”

అత్త ఆ ముక్కని వెలుతురులో పెట్టి చూసింది. ప్రతి పూసా పచ్చగా, నిండుగా ఉంది.

“అవున్రా, బాగా కుళ్లింది,” అంది. “రెండ్రోజులు ఆరనిచ్చి కొత్త కుండీలో పెడదాం.”

సంచీలోంచి దువ్వెన తీసి కిటికీ గట్టు మీద పెట్టుకుంది.

“ఈలోపు ఆ నేలలు తవ్వెయ్యరా. నడుం పడిపోతోంది.”