చెంప చెప్పిన మాట

నేను ఒక గులకరాయిని. కోడిగుడ్డంత ఉంటాను, నల్లగా, నున్నగా. ఒకొనలుఫ్టీ నది వేల ఏళ్ళు దొర్లించి దొర్లించి నన్ను ఇలా చేసింది. నీళ్ళలోంచి తీసినవాళ్ళు మాత్రం తామే నన్ను తయారు చేసినట్టు మాట్లాడారు. మనుషుల తీరే అంత.

అమెరికాలో ఉత్తర కరోలినా కొండల్లోని చెరోకీ ఆదివాసుల ఊళ్ళో కుండలు చేసేది ఆడవాళ్ళే. కుమ్మరి సారె ఉండదు. మట్టిని తాడులా పేని, చుట్ట మీద చుట్ట పేర్చి కుండను లేపుతారు. కాస్త గట్టిపడ్డాక నాతో రుద్ది మెరుగు పెడతారు. తల్లి నుంచి కూతురికి, అలా చేతులు మారుతూ టిల్డా అనే ఆవిడ దగ్గరికి వచ్చాను. ఆవిడ కూతురు చిన్న వయసులోనే పోయింది. మిగిలింది మనవరాలు రోవీనా ఒక్కతే.

"నువ్వు మెరుగు పెట్టిన కుండ మంటలోంచి చెక్కుచెదరకుండా రావాలి. ఆ రోజు ఈ రాయి నీది," అనేది టిల్డా.

రోవీనా తన మొదటి కుండను రెండు రోజులు రుద్దింది. ఎన్నో చేతులు చూశాను గానీ అంత ఓర్పున్న చెయ్యి చూడలేదు. నాకు ఆ పిల్లంటే ప్రాణం.

కుండ ఆరిందో లేదో వాళ్ళు చెంపకు ఆనించి చూస్తారు. చల్లగా తగిలితే లోపల ఇంకా తడి ఉన్నట్టే. తడితో మంటలో పెడితే పగిలిపోతుంది.

"ఇంకా చల్లగానే ఉంది అమ్మమ్మా," అంది రోవీనా.

టిల్డా కుండను అందుకుని ఎడమ చెంపకు ఆనించుకుంది. "నీకేం తెలుసే? ఎండిపోయింది. మంటలో పెట్టు."

పెట్టింది. కుండ ఢామ్మని పగిలి ముక్కలైంది.

యాభై ఏళ్ళలో అమ్మమ్మ చెంప తప్పు చెప్పింది లేదు. కాబట్టి తప్పు తన చేతిదేనని రోవీనా తేల్చుకుంది. ఆ సాయంత్రం టిల్డా నన్ను చన్నీళ్ళ బకెట్లో ముంచి ఎడమ చెంపకు పెట్టుకుంది. ఆవిడకు చల్లదనమే తెలియలేదు. కుడి చెంపకు పెట్టుకోగానే ఉలిక్కిపడింది. కిందటి చలికాలం ఒక పొద్దున ఆవిడ మూతి వంకరపోయింది. వారంలో సర్దుకుంది కదా అని ఎవరికీ చెప్పలేదు. ఎడమ చెంప అప్పుడే మొద్దుబారిందని ఇప్పుడు అర్థమైంది.

తప్పు తన చెంపదేనని రోవీనాకి రేపు చెబుతాననుకుంది. ఆ రేపటికి రోవీనా మట్టి పని వదిలేసి హోటల్లో దుప్పట్లు మడిచే పనికి వెళ్ళింది. ఆ తర్వాత అభిమానం అడ్డొచ్చింది. ఆ మాట చెప్పకుండానే టిల్డా పోయింది. ఎంత కోపం వచ్చినా రాయిని, నేనేం చేస్తాను?

రోవీనా నన్ను తన దగ్గర ఉంచుకోలేదు. మ్యూజియం వాళ్ళకిచ్చేసింది. పొద్దస్తమానం చేతుల్లో బతికినదాన్ని అద్దాల పెట్టెలో పెట్టి, పైన 'ముట్టుకోరాదు' అని రాశారు.

మొన్న రోవీనా హోటల్ పని బట్టల్లోనే నన్ను చూడ్డానికి వచ్చింది. జుట్టు నెరిసింది.

"మా అమ్మమ్మదండీ," అంది అక్కడి కాపలా ఆవిడతో. "నాకు రావాల్సింది. నాకు ఆ పని చేతకాలేదు."

నన్ను దగ్గరగా చూద్దామని వంగితే చెంప అద్దానికి తగిలింది.

"చల్లగా ఉంది," అంది తనలో తను.

చల్లగానే ఉంది తల్లీ. ఆ రోజూ నువ్వు చెప్పిందే నిజం.

ఆమె డ్యూటీకి టైమైందని వెళ్ళిపోయింది.